దీపావళికోసారి, శివరాత్రికోసారి వెలిగే బిల్డింగ్

అక్టోబర్ 26, ఆదివారం

హైదరాబాద్‌లో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి వట్టినాగులపల్లి వెళ్ళే దారిలో, రోడ్డు పక్క మట్టిలో ట్రైపాడ్ వేసుకుని 5 గంటల నుంచి నిలబడ్డాను. ఎదురుగా తూర్పున, సుమారు కిలోమీటరున్నర దూరంలో నేను ఎంచుకున్న అద్దాల బిల్డింగ్. అంతస్తులు లెక్కపెడితే 34 వచ్చాయి. పడమటి ముఖం నిండా అద్దమే, మధ్యలో ఒక్క బాల్కనీ కూడా లేదు. పోయిన వారం ఆఫీసు క్యాబ్‌లో ఇటుగా వస్తుంటే ఆ ముఖమంతా నిప్పుల కుంపటిలా కనిపించింది. క్యాబ్‌లో అందరూ కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. నేను మెడ తిప్పి, మలుపు వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను. ఆ వెలుగును ఫొటో తీసే ఈ ప్రాజెక్టు ఆ మలుపు దగ్గరే మొదలైంది.

ఈ రోజు 5:49కి పొద్దు గూకింది. బిల్డింగ్ వెలగలేదు. ఆకాశం శుభ్రంగా ఉంది, మబ్బు లేదు, నీరెండ నా వీపు మీద వెచ్చగా పడుతూనే ఉంది. అద్దాలు మాత్రం సీసం రంగులో ఊరికే నిలబడ్డాయి. లోపం ఎక్కడుందో అర్థం కాలేదు.

సామాను సర్దుకుంటుంటే పక్కనున్న చాయ్ బండి అన్న పిలిచాడు. నారాయణపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ నాలుగేళ్ళుగా బండి పెట్టుకున్నాడట.

"గా అద్దాల బిల్డింగ్ ఫొటోకా సార్? మీరు లేటుగొచ్చిన్రు. దీపావళికి రావాల్సుండె. వారం దినాలు గా ఎండ సీదా నా బండి మీదనే కొడ్తది. కండ్లు తెరవరాదు. గందుకే గీ పరదా కట్టిన."

బండికి తూర్పు వైపు పాత ఫ్లెక్సీ ఒకటి చుట్టి కట్టి ఉంది. సాయంత్రం ఎండకు పడమర వైపు కదా పరదా కట్టాలి? ఆయన తూర్పుకు కట్టాడు. ఆ ఫ్లెక్సీని చూశాక నాకు సగం విషయం తెలిసిపోయింది.

"మళ్ళీ ఎప్పుడు కొడుతుందన్నా?"

"శివరాత్రి దాటినంక."

నవంబర్ 2

రాత్రంతా కాగితం మీద గీతలు గీశాను. చిన్నప్పుడు చేతి అద్దంతో ఎండను ఎదురింటి గోడ మీదకు కొట్టే ఆట అందరం ఆడే ఉంటాం. ఇదీ అదే ఆట. చేతి అద్దాన్ని మనం తిప్పుతాం, సూర్యుడు కదలడు. ఇక్కడ అద్దం కదలదు, సూర్యుడే జరుగుతాడు.

హైదరాబాద్ దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఇక్కడ సూర్యుడు సరిగ్గా పడమరన అస్తమించేది మార్చిలో, సెప్టెంబర్‌లో, విషువత్తుల దగ్గర, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో మాత్రమే. డిసెంబర్ 21 నాటికి పడమర నుంచి దక్షిణానికి 24, 25 డిగ్రీలు జరిగిపోతాడు. జూన్‌లో అంతే మేర ఉత్తరానికి. అక్టోబర్ చివర్లో ఈ జరుగుడు రోజుకు డిగ్రీలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. వినడానికి ఇది ఏమంత కాదు. కానీ కిలోమీటరున్నర దూరంలో అది దాదాపు 10 మీటర్లు! బిల్డింగ్ వెడల్పు మ్యాప్‌లో కొలిస్తే 60 మీటర్ల చిల్లర. అద్దం ఎంత వెడల్పుంటే అది నేల మీదకు కొట్టే వెలుగు పట్టీ కూడా ఇంచుమించు అంతే వెడల్పు. రోజుకు 10 మీటర్లు జరిగే 60 మీటర్ల పట్టీ ఒక చోటును దాటడానికి ఎన్ని రోజులు పడుతుంది? ఆరేడు రోజులు. అన్న చెప్పిన "వారం దినాలు" అదే.

ఇంకో లెక్క వేస్తే నాకు ఒళ్ళు జలదరించింది. ఈసారి దీపావళి అక్టోబర్ 20న వచ్చింది. డిసెంబర్ 21కి అది 62 రోజుల ముందు. డిసెంబర్ 21 తర్వాత 62 రోజులు లెక్కపెడితే ఫిబ్రవరి 21. ఆ రెండు రోజులూ సూర్యుడు ఆకాశంలో దాదాపు ఒకే చోట దిగుతాడు. శివరాత్రి ఫిబ్రవరి 15న. "శివరాత్రి దాటినంక" అన్న మాటలో తేడా ఏమీ లేదు. సూర్యుడి దారి చూపించే యాప్‌లో నేను వెతికిందంతా ఆయన చాయ్ వడపోస్తూ కనిపెట్టేశాడు.

ఇప్పుడు పట్టీ ఉత్తరం వైపు జరిగిపోయింది. అటు వెంటపడదామంటే పెద్ద కన్‌స్ట్రక్షన్ సైట్ రేకుల గోడ. కాబట్టి ఫిబ్రవరి దాకా ఆగాలి. ఈలోగా నగరంలో మిగతా చోట్ల సాయంత్రం వెలుగును నేర్చుకోవాలి.

నవంబర్ 22, శనివారం

సైబర్ టవర్స్, హైటెక్ సిటీలోని ఐటీ బిల్డింగ్. ఈ తేదీని కావాలనే ఎంచుకున్నాను. 1998లో నవంబర్ 22నే అప్పటి ప్రధాని వాజపేయి దీన్ని ప్రారంభించారు. ఇప్పుడు చుట్టూ ఉన్నవాటి పక్కన ఇది పొట్టిది. కానీ నాకు కావాల్సిన పాఠం ఇక్కడే ఉంది. గోడ గుండ్రం. గుండ్రటి గోడలో ఎక్కడో ఒకచోట అద్దం మనకూ సూర్యుడికీ సరిపోయే కోణంలో ఉంటుంది. అందుకే ఎండ పడే వైపు ఎక్కడ నిలబడ్డా కిటికీల వరుసల్లో సన్నటి నిలువు మెరుపు కనిపిస్తూనే ఉంది. నేను నడిస్తే అది నాతో పాటు నడిచింది. చదునైన అద్దంలా మొహం మొత్తం మండిపోవడం మాత్రం ఇందులో ఉండదు. 5 కల్లా పడమటి బిల్డింగుల నీడ ఎక్కేసింది. పనికొచ్చే ఫ్రేములు మూడు.

డిసెంబర్ 7, ఆదివారం

ఖాజాగూడ గుట్టలు. మనవాళ్ళు వారాంతాల్లో సూర్యాస్తమయానికి ఎక్కే చోటు ఇదే. ఎప్పుడో 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. పగలంతా ఎండ తాగిన బండ మీద కూర్చుంటే 6 దాటినా కింద వెచ్చగానే ఉంది.

ఇక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పడమర, నైరుతి వైపు ఉంటుంది. అంటే సూర్యుడు టవర్ల వెనక దిగుతాడు. వచ్చేది నల్లటి ఆకారాలు, వాటి చుట్టూ కెంజాయ. అందంగానే ఉంటుంది, కానీ బిల్డింగ్ వెలగడం వేరు. వెలగాలంటే ఎండ మన వీపు మీద ఉండాలి. ఇది కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు గట్టిగా చెప్పాలనిపిస్తుంది. సూర్యుడి వైపు కెమెరా పెట్టడం మనకు అలవాటైపోయి, వెనక్కి తిరిగి చూడం. నేను ఈ రోజు వెనక్కి తిరిగాను. తూర్పున ఒక అపార్ట్‌మెంట్, మామూలు తెల్ల సున్నం గోడ, ఐదారు నిమిషాలు అచ్చం తాటి పండు గుజ్జు రంగులోకి మారింది. బట్టలు ఆరేసిన తీగలతో సహా.

ఒక తప్పు జరిగింది. వైట్ బ్యాలెన్స్‌ను, అంటే కెమెరా రంగులు సరిచేసే సెట్టింగును, ఆటోలో వదిలేశాను. కెమెరా ఆ నారింజ రంగును "సరిచేసి" మామూలు మధ్యాహ్నంలా చూపించింది. రా ఫైలుగా, అంటే కెమెరా పట్టిన అసలు డేటాగా తీశాను కాబట్టి ఇంటికొచ్చి వైట్ బ్యాలెన్స్ 5500 కెల్విన్ దగ్గర పెట్టి వెనక్కి తెచ్చుకున్నాను. రెండో తప్పును మాత్రం వెనక్కి తెచ్చుకోలేకపోయాను. ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్, హిస్టోగ్రామ్, బాగానే ఉందనుకున్నాను, కానీ అది మూడు రంగులనూ కలిపి చూపించేది. విడిగా చూస్తే ఎరుపు ఎప్పుడో అంచు దాటి తెగిపోయింది. ఎర్రగా ఉండాల్సిన చోట్ల పసుపు మరకలు పడ్డాయి. ఇక నుంచి రంగులను విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ మాత్రమే. ఎరుపు గీత కుడి అంచును తాకకుండా ఒక స్టాప్ తగ్గించి, అంటే సగం వెలుగుతో తీయాలి.

డిసెంబర్ 21

ఫొటోలు లేవు. దుమ్ము. చలికాలం సాయంత్రాల్లో చల్లగాలి కింద, వెచ్చటి పొర పైన ఉండిపోతుంది, మధ్యలో నగరం దుమ్మంతా మూత పెట్టినట్టు ఆగిపోతుంది. సూర్యుడు ఇంకా రెండు డిగ్రీల ఎత్తులో ఉండగానే ఆరిన బొగ్గులా అయిపోయాడు.

అయినా రోడ్డు పక్కకు వెళ్ళి చాయ్ తాగి వచ్చాను. ఈ రోజు నుంచి సూర్యుడు వెనక్కి తిరుగుతాడు. ఇంకో సంగతి గమనించాను. అతి చిన్న పగలు ఈ రోజే అయినా, పొద్దు గూకింది 5:46కి. నవంబర్ 22న 5:40కే గూకింది. హైదరాబాద్‌లో అన్నిటికంటే తొందరగా పొద్దు గూకే రోజులు నవంబర్ నాలుగో వారంలోనే వచ్చేస్తాయి. ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చేవాడికి ఆ 6 నిమిషాలు చాలా పెద్దవి.

జనవరి 11

కోకాపేట. స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టొచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఎత్తేసిన 2006 నాటి జీవో 86 లేకపోతే ఈ ఎత్తులు ఇక్కడ ఇలా లేచేవి కావు. ఇక్కడ సగం టవర్లకు ఇంకా అద్దం బిగించలేదు. ఒట్టి స్లాబులు, పిల్లర్లు, పైన క్రేన్లు.

కాంక్రీట్ ఎంత బాగుంటుందో నాకు ఇప్పటిదాకా తెలియదు. దానికి మెరుపు లేదు, అందుకే వెలుగును అన్ని వైపులకూ పంచుతుంది. ఎక్కడ నిలబడ్డా బెల్లం పాకం రంగే. స్లాబుల అంచులు ఒక్కొక్కటే వెలిగి, కింద నుంచి నీడ పైకి ఎక్కుతుంటే అంతస్తు తర్వాత అంతస్తు ఆరిపోతుంది. చివరికి క్రేన్ కొమ్ము మీద ఒక్క గీత మిగిలింది. అది ఆరాక ఆకాశం పది నిమిషాలకు మళ్ళీ ఎర్రబడింది, పైనున్న పలచటి మబ్బులకు కింది నుంచి వెలుగు తగిలి. చాలామంది సూర్యుడు దిగగానే బ్యాగ్ సర్దేస్తారు. ఇక్కడ మునిచీకటి 20, 25 నిమిషాలుంటుంది. దయచేసి ఆగండి.

పూర్తయిన ఒక టవర్ దగ్గర మాత్రం దెబ్బతిన్నాను. పక్కవాటుగా నిలబడి తీస్తున్నాను. కంటికి అద్దాలు బంగారంలా ఉన్నాయి, స్క్రీన్ మీద పేలవంగా ఉన్నాయి. పావుగంట ఎక్స్‌పోజర్‌తో కుస్తీ పట్టాక గుర్తొచ్చింది, పొద్దున ఆకాశం కోసం పెట్టిన పోలరైజర్ ఫిల్టర్ లెన్స్ మీదే ఉంది. దాని పనే అద్దం మీది ప్రతిబింబాన్ని చంపడం. నాకు కావాల్సిందేమో ఆ ప్రతిబింబమే. తీసి చొక్కా జేబులో వేసుకునేసరికి పొద్దు లేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం, శివరాత్రి

పొద్దు గూకడం 6:17. ఐదున్నరకే వచ్చేశాను. అన్న ఉపవాసం, బండి మూసి ఉంది. పరదా కూడా విప్పలేదు.

5:55 దాటాక చూశాను దాన్ని. నేనున్న చోట బిల్డింగ్ మామూలుగానే ఉంది. కానీ ఉత్తరాన రేకుల గోడకు అవతల, సైట్‌లో నిలబెట్టిన ఇనుప ఊచల చివర్లు, ఒక నీళ్ళ ట్యాంకర్, ఒక హెల్మెట్ తూర్పు వైపు నుంచి ఎర్రగా వెలుగుతున్నాయి. సూర్యుడేమో పడమర ఉన్నాడు. ఒక్కో ఊచకు రెండు వైపులా రెండు వెలుగులు. పట్టీ అక్కడికి వచ్చేసింది. నా చోటుకు ఇంకా 30 మీటర్లు, అంటే మూడు రోజులు. మూడున్నర నెలల క్రితం కాగితం మీద గీసిన గీత కళ్ళ ముందు నేల మీద నడుస్తోంది. ఇంతకంటే సంతోషం ఏముంటుంది?

ఒక బాధ కూడా ఉంది. అక్టోబర్‌లో గోడ వెనక గొయ్యి మాత్రమే ఉండేది. ఇప్పుడు స్లాబులు లేచాయి. బిల్డింగ్ కింది ఆరు అంతస్తులు వాటి చాటుకు వెళ్ళిపోయాయి.

ఫిబ్రవరి 18, బుధవారం

టెన్షన్‌తో మీటింగ్ మధ్యలోంచే లేచి వచ్చాను. పట్టీ అంచు తగిలింది. బిల్డింగ్ ఎడమ చివర మాత్రమే మెరుస్తుందని లెక్క కట్టాను, కుడి చివర మెరిసింది. అద్దంలో ఎడమ కుడి తారుమారవుతాయని ఇంజినీరింగ్ చదివి కూడా మర్చిపోయాను! సరే, ఇక రోజూ వెలుగు కుడి నుంచి ఎడమకు జరుగుతుంది.

రోడ్డు మీద టిప్పర్లు ఎక్కువ. ఒక్కోటి వెళ్ళినప్పుడు ట్రైపాడ్ మీది నీటిమట్టంలో బుడగ వణకడం కనిపిస్తుంది. దూరాన్ని దగ్గరకు లాగే 200 ఎంఎం లెన్స్‌కు ఆ వణుకు చాలు, కిటికీ గీతలన్నీ రెండేసి పడతాయి. మధ్య కాడను పూర్తిగా కిందికి దించి, కొక్కేనికి నీళ్ళ బాటిల్ ఉన్న బ్యాగ్ తగిలించాను. బండి వెళ్ళాక మూడు అంకెలు లెక్కపెట్టి నొక్కడం.

ఫిబ్రవరి 20, శుక్రవారం

సగం దాకా వచ్చి ఆగిపోయింది. పడమటి అంచున మబ్బు గోడ. పై పదిహేను అంతస్తులు వెలిగాక సూర్యుడు మబ్బులోకి జారాడు, స్విచ్ తీసేసినట్టు అయింది.

"రేపు కొడ్తది తమ్మీ," అన్నాడు అన్న. ఈ రోజు సార్ కాస్తా తమ్మీ అయ్యాను.

ఫిబ్రవరి 21, శనివారం

గాలి శుభ్రం. మధ్యాహ్నం కాస్త గాలి వీచి దుమ్మును కొట్టుకుపోయింది.

5:57. పై అంతస్తు కుడి మూలలో ఒక్క పలక అంటుకుంది. నిజంగా ఆ మాటే సరైనది, అంటుకుంది. తర్వాత దాని పక్కది. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టలేదు. 200 ఎంఎం లెన్స్‌లోంచి అద్దంలోని సూర్యుణ్ణి చూసినా కంటికి ప్రమాదమే, స్క్రీన్ మీదే చూడాలి. వెలుగు తక్కువ పడేలా ఐఎస్‌ఓ 100, ఎఫ్ 11, 1/500 సెకను. అయినా నడిమధ్యన తెల్లగానే ఉంది. అది పోతే పోనీ అనుకుని చుట్టూ ఉన్న బంగారాన్ని కాపాడుకున్నాను.

సూర్యుడు దిగేకొద్దీ అద్దంలోని వెలుగు కూడా కిందికి జారుతుంది. నేను గడియారం పెట్టి చూశాను. ఒక అంతస్తు దిగడానికి దాదాపు 40 సెకన్లు. అదే సమయంలో నేల నుంచి నీడ పైకి ఎక్కుతోంది. పైనుంచి ఒకటి, కింది నుంచి ఒకటి.

దగ్గరగా చూస్తే ఏ రెండు పలకలూ ఒకేలా వెలగలేదు. అద్దాలన్నీ పక్కా చదునుగా ఉంటే నాకు కనిపించాల్సింది మూడున్నర అంతస్తుల ఎత్తున్న గుండ్రటి సూర్యుడు ఒక్కటే. కానీ టఫెన్డ్ గ్లాసును కొలిమిలో రోలర్ల మీద నడిపిస్తారు, ఆ రోలర్ల అల సన్నగా అద్దంలోనే ఉండిపోతుంది. బిగించేటప్పుడు వెంట్రుకవాసి వంపు వస్తుంది. అందుకే ఒక పలకలో వెలుగు పాములా వంకర్లు పోయింది, ఇంకోదాంట్లో గుడ్డు సొనలా మధ్యలో ముద్దగా నిలిచింది, ఒకటి మాత్రం పూర్తిగా చల్లగా నీలంగా ఉండిపోయింది. ఆ నీలం పలకే నాకు అన్నిటికంటే నచ్చింది. ఆ లోపాలే లేకపోతే ముఖమంతా అలా మండదు.

6:05కి అన్నను అడిగాను, "ఒక్క రెండు నిమిషాలు పరదా తీస్తావా?"

తీశాడు. వెలుగు బండి లోపలికి వచ్చి పడింది. అల్యూమినియం కేతిలి, బోర్లించిన గ్లాసులు, పాల మీద ఆవిరి, ఉస్మానియా బిస్కెట్ల సీసా. ఆయన ఒక చెయ్యి కనుబొమ్మల మీద పెట్టుకుని, రెండో చేత్తో చాయ్ ఎత్తి పోస్తుంటే ఆ ధార తేనెలా మెరిసింది. ట్రైపాడ్ నుంచి కెమెరా పీకి, చేత్తోనే పదకొండు ఫ్రేములు తీశాను. వెనక ఆయన నీడ పడమర వైపు పడింది, సూర్యుడు ఉన్న వైపు. సాయంత్రం పూట మనిషి నీడ పడమరకు పడటం నేను ఎన్నడూ చూడలేదు.

6:13. సుమారు పదో అంతస్తు దగ్గర వెలుగు నారింజ నుంచి ముదురు ఎరుపుకు వచ్చింది. 1/125. ఆఖరి ఫ్రేము అదే. ఆ తర్వాత కొత్త స్లాబుల వెనక్కి దిగిపోయింది.

ఫిబ్రవరి 24, మంగళవారం

వెలుగు ఎడమ అంచుకు చేరింది. రేపటితో అయిపోతుంది. 412 ఫ్రేముల్లోంచి 9 ఉంచుకున్నాను. బిల్డింగ్‌వి 7, బండివి 2. మొదట గోడకు పెట్టాలనుకున్నది బిల్డింగ్ ఫొటో. ప్రింటుకు ఇచ్చింది మాత్రం చాయ్ ధార, వెనక వెలుగుతున్న టవర్, పడమరకు పడ్డ నీడ ఉన్నది. రెండు కాపీలు, 12 బై 18, మ్యాట్ కాగితం. ఒకటి అన్నకు ఇచ్చాను. గ్లాసులు కడిగే చేతులు తుడుచుకుని అంచులు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"గిది నా పరదా లేనప్పటిది కదా," అన్నాడు. తర్వాత గోడ అవతల క్రేన్ వైపు గడ్డం ఎత్తి చూపించి, "నెలకు రెండు స్లాబులు ఏస్తున్రు. అక్టోబర్ల గది అడ్డమొస్తదేమో. నాకైతే పరదా పని తప్పుతది," అని మళ్ళీ ఫొటో చూశాడు. "తప్పకున్నా మంచిగనే ఉంటది."

నెలకు రెండు చొప్పున అక్టోబర్‌కు 16 స్లాబులు. ఇప్పుడున్నవాటితో కలిపినా నా చోటు నుంచి బిల్డింగ్‌లో పై కొన్ని అంతస్తులైనా కనిపిస్తాయేమో. అక్టోబర్ 17 నుంచి 23 దాకా సెలవు అడిగాను.